టెంటు చూసి ఏడ్చిన అత్తయ్య

ఆ రోజుల్లో పరామర్శకు వెళ్లాలంటే గొంతున్న మనిషి కావాలి. ఇప్పుడు ఫోన్లో జోడించిన చేతుల బొమ్మ పంపితే పనైపోతోంది. మొన్న మా అత్తయ్య పోయినప్పుడు నాకూ అలాంటి బొమ్మలు బోలెడు వచ్చాయి. (ఆవిడ చూసి ఉంటే, "ఏంది, వీళ్ల గొంతుకేమైంది?" అని అడిగేది.) నా బెంగంతా మా ఆవిడ గురించే. తల్లి పోయిన దగ్గర్నుంచి కంట చుక్క రాలేదు, నోట మెతుకు పెట్టలేదు. "దాన్ని ఎట్లన్న ఏడ్పించండి అల్లుడుగారూ, లేకుంటే మనిషి దక్కేటట్టు లేదు" అని చిన్నత్తయ్య ఆ భారం నా మీద పెట్టింది. పెళ్లయిన ఇన్నేళ్లుగా ఆ పని అడక్కుండానే చేసినవాణ్ని, తీరా అడిగేసరికి చేతకాలేదు. చివరికి పక్కన కూర్చుని దమ్మపేట టెంటు సంగతి ఎత్తుకున్నాను.

అప్పటికి నేను కొత్త అల్లుణ్ని. పైగా స్కూటరున్న అల్లుణ్ని. సత్తుపల్లి చుట్టుపక్కల ఎవరు పోయినా అత్తయ్యను తీసుకెళ్లే భాగ్యం నాదే. ఆవిడ దారంతా మొక్కజొన్న పొత్తు తింటూ, కనబడిన ప్రతి పామాయిల్ తోటా ఎవరిదో చెబుతూ సరదాగా వచ్చేది. పోయినవాళ్ల వీధి మలుపు రాగానే మాత్రం "ఓ నా వదినో!" అని రాగం ఎత్తుకునేది. మలుపు నుంచే ఏడుస్తూ వెళ్లకపోతే మర్యాద కాదట. మొదటిసారి నేను స్కూటరు గుంతలో దించాననుకుని బ్రేకు కొట్టాను. "ఏందండీ, గిట్ల ఆపిండ్రు? ఏడుపు మధ్యలో ఆగొద్దు, జల్దీ పోనీయండి" అంది.

ఒకసారి దమ్మపేటలో దూరపు చుట్టం ఒకాయన పోయాడు. ఆ ఇల్లు మాకు తెలియదు. "టెంటు వేసుంటది, గదే గుర్తు" అంది అత్తయ్య. టెంటు కనబడింది. ఆవిడ స్కూటరు దిగి లోపలికి పరుగెత్తి, ఎదురొచ్చిన ఇల్లాలిని వాటేసుకుని, "ఎంత పనాయెనే వదినా!" అని గొల్లుమంది. తలవంచుకుని వెనకే వెళ్లిన నేను తలెత్తి చూస్తే, కుర్చీలో పూలజడ వేసుకున్న పిల్ల, పక్కన అక్షింతల పళ్లెం. ఓణీల ఫంక్షన్! సన్నాయి ఆగిపోయింది. శుభమా అని ఫంక్షన్ చేసుకుంటుంటే శోకాలు పెడితే ఎవరూరుకుంటారు? పిల్ల మేనమామలు (ముగ్గురూ గుమ్మం పట్టని మనుషులు) ఆడమనిషిని ఏమీ అనలేక నా వైపు కదిలారు. ఇవాళ నా పని అయిపోయిందనుకున్నాను. అత్తయ్య ఒక్కసారి ఊపిరి తీసుకుని, అదే రాగంలో, "గీ బంగారుతల్లిని గిట్ల చూడనీకి వాళ్ల నాయనమ్మ లేకపాయెనే!" అని అందుకుంది. నాయనమ్మ ఉందో లేదో ఈవిడకేం తెలుసు! దేవుడి దయ, లేదు. ఇల్లాలు బావురుమంది. మేనమామలు కళ్లు తుడుచుకుని, నన్ను తీసుకెళ్లి మొదటి పంక్తిలో కూర్చోబెట్టారు.

సుష్టుగా భోంచేసి, వెళ్లాల్సిన ఇంటికి బయల్దేరాం. మలుపు దగ్గర అత్తయ్య నా చెవిలో, "జెర మూతి తుడుచుకోండి అల్లుడుగారూ, లడ్డూ అంటింది" అని, వెంటనే రాగం ఎత్తుకుంది.

ఇది వినగానే మా ఆవిడ ఫక్కున నవ్వింది. "మా అమ్మతోని గట్లనే ఉంటది" అంటూ పొట్ట పట్టుకుని నవ్వి, ఆ నవ్వులోనే "అమ్మా" అని నా భుజం మీద పడి ఏడ్చింది. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నానో లేదో, నాకూ దుఃఖం ఆగలేదు. అత్తయ్య వెనక సిగ్గుతో చచ్చిపోయిన ఆ కుర్ర అల్లుడు, ఇప్పుడు బట్టతల వేసుకుని వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చాడు. చిన్నత్తయ్య పరుగున వచ్చి, కూతుర్ని వదిలేసి అల్లుణ్ని ఓదార్చింది.