'నో గ్యారంటీ' అన్న బాబాయిగారు

బాబాయిగారు పోయారని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే రైతుబజారుకి వెళ్లొచ్చి, కూరల సంచి అరుగు మీద పెట్టి, పిన్నిగారిని మంచినీళ్లు అడిగారట. ఆవిడ గ్లాసుతో వచ్చేసరికి మనిషి లేరట. "ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లిపోయారే" అని అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఫోన్ పెట్టేశాక ఒళ్లు మండిపోయింది. ఆరేళ్లుగా నేను ఆయనతో మాట్లాడలేదు. ఎదురుగా నిలబెట్టి అడగాల్సిన మాట ఒకటి నా దగ్గర అలాగే ఉండిపోయింది. ఆ మాట అడిగించుకోకుండా అంత సుఖంగా ఎలా వెళ్లిపోతారు?

పోయినవారి గురించి మంచే రాయాలంటారు. ఆయనలో మంచి చాలా ఉంది, అదీ రాస్తాను. కానీ నా కోపం దాచిపెట్టి రాస్తే అది ఇంకెవరి గురించో రాసినట్టు ఉంటుంది.

ఆయన మాకు చుట్టం కాదు. భవానీపురంలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ. బస్సు డిపోలో ఉద్యోగం అంతా బ్రేకుల సెక్షన్‌లోనే చేసి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. పిల్లలు లేరు. చిన్నప్పటి నుంచీ నాకు ఆయన బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు. బనీను జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్పానరూ, చెవి మీద సుద్దముక్కా ఉండేవి. తనిఖీ చేసిన ప్రతి నట్టు మీదా సుద్దతో గీత గీసేవారు. మా ఇంట్లో గ్యాస్ సిలిండరు మార్చినా వచ్చి చూసి, దాని మీదా ఒక గీత గీసి వెళ్లేవారు. అమ్మకి అది చాదస్తంగా ఉండేది. నాకు ఆ గీత కనిపిస్తే ధైర్యంగా ఉండేది.

మెకానికల్ డిప్లొమా చేసి, మైలవరంలో ఒక పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ పాఠాలు చెప్పేదాన్ని. ఆ రోజుల్లో ఒక పత్రికలో చదివాను. మద్రాసు అవతల ఉన్న రేసు ట్రాకులో కొన్ని రోజులు మామూలు మనుషుల్ని కూడా సొంత కార్లతో రానిస్తారట. అది పోటీ కాదు, గెలవడం ఓడడం ఉండదు. తనిఖీలో కారు పాసైతే హెల్మెట్ పెట్టుకుని, మన కారు ఎంత పోతే అంత తోలుకోవచ్చు. ఎదురు వచ్చే లారీ ఉండదు, అడ్డం వచ్చే గేదె ఉండదు. బెజవాడ రోడ్ల మీద స్కూటర్ నడిపే ఆడపిల్లకి ఆ మాటలు ఎలా వినిపిస్తాయో నేను వేరే చెప్పక్కర్లేదు. నాన్న నెల రోజులు ససేమిరా అన్నాడు. చివరికి "ఒక్కసారి. ఒక్కసారి తిరిగొచ్చి ఆ పిచ్చి వదిలించుకో. రెండోసారి అడగకు" అన్నాడు. నాన్న అన్న మాట మీద నిలబడే మనిషి.

చవకలో కారు కావాలి. ఎవరికీ చెప్పకుండా కైకలూరు వైపు వెళ్లి, రొయ్యపిల్లల వ్యాపారి దగ్గర ఒక పాత చిన్న కారు కొన్నాను. అప్పట్లో వరిచేలన్నీ చెరువులైపోతున్న కాలం. సముద్రపు నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రొయ్యపిల్లల్ని ఏ బండి దొరికితే ఆ బండిలో తెచ్చేవాళ్లు. ఈ కారు వెనక సీటు మీద కూడా అవే వచ్చాయి. ఇంజన్ కుట్టుమిషన్‌లా ఆడుతోంది. కింద కొత్త మ్యాట్లు వేసి ఉన్నాయి. వాసన వస్తోంది గానీ కడిగితే పోతుందనుకున్నాను. వర్క్‌షాప్ పాఠాలు చెప్పే మనిషిని, ఆ మ్యాటు ఎత్తి చూడాలన్న బుద్ధి నాకు లేకపోయింది.

బాబాయిగారు వచ్చి బానెట్ తెరవలేదు. చెప్పులు విడిచి లోపలికి వంగి, మ్యాటు ఎత్తారు. కింద తారు పూసి ఉంది. స్క్రూడ్రైవరుతో మెల్లగా గీకారు. అది తారులోంచి, రేకులోంచి దిగి మా వాకిట్లో మట్టికి తగిలింది.

"ఏం కొన్నావు పాపా?"

"కారండీ."

"కారు కాదమ్మా, ఇంజన్ కొన్నావు. కారుని ఎప్పుడో ఉప్పునీళ్లు తినేసినియ్."

అంతే అన్నారు. తిట్టలేదు, ఎవర్నడిగి కొన్నావని అనలేదు. మర్నాటి ఆదివారం తెల్లారేసరికి వాళ్ల షెడ్డులో చోటు చేసి, కారుని అటు తోయించారు. ఏడాదిన్నర పాటు మా ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి.

నేను ఇంజన్ బలం పెంచాలని ఉబలాటపడ్డాను. ఆయన దాని జోలికి రానివ్వలేదు. "ఇంజన్ సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆగే సంగతి మనం చూసుకోవాలి" అనేవారు. ముందు బ్రేకులు మొత్తం విప్పారు. లైనింగులు, గొట్టాలు, సీళ్లు, ద్రవం అన్నీ కొత్తవి. తర్వాత మంచి టైర్లు. తర్వాత వెనక సీటు, తివాచీ, రేడియో, డోర్ల లోపలి అట్టలు పీకేశాం. బరువు తగ్గించడం కన్నా చవకైన వేగం లేదని ఆయనే చెప్పారు. నా కొలతకి డ్రైవరు సీటు బిగించారు. నాలుగు పట్టీల బెల్టు మద్రాసు నుంచి తెప్పించాం. ఆ బెల్టు కింది పట్టీలు రెండూ కారు నేలరేకుకి బోల్టు వేసి బిగించాలి. గుద్దుకుంటే మనిషి బరువంతా ఆ బోల్టుల మీదే పడుతుంది. కుడిపక్క రేకు బాగానే ఉంది. ఎడమపక్క ఉప్పు తిన్న చోటే బోల్టు రావాలి. అక్కడ అరచేయంత మందపాటి రేకు కోసి, చుట్టూ వెల్డింగ్ చేసి, దానికి బోల్టు వేశారు. ఆ ఒక్క పనికి మూడు ఆదివారాలు పట్టింది. మూడోసారి అయ్యాక కూడా సుద్ద తీశారు గానీ గీత గీయలేదు. అది నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

బయల్దేరే రోజు పిన్నిగారు కారు ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి కట్టారు. ఆవిడ లోపలికి వెళ్లగానే బాబాయిగారు విప్పి జేబులో వేసుకున్నారు. "ఊడిపడేది ఏదీ బండికి ఉండకూడదు. మీ పిన్నితో అనకు" అన్నారు. తెలిసిన డ్రైవరు మినీ లారీలో కారు ఎక్కించి, మేం ముగ్గురం ముందు కూర్చుని వెళ్లాం. ఒంగోలు దాటే వరకూ ఆయన డిపో కబుర్లు చెబుతూ నన్ను నవ్విస్తూనే ఉన్నారు. నా జీవితంలో అంత సంతోషంగా నేను ఎక్కడికీ వెళ్లలేదు.

ట్రాకు దగ్గర కారు దింపాక ఆయన మామూలుగా అన్నీ స్పానరుతో తట్టి చూశారు. ఎడమ బోల్టు దగ్గర రెండుసార్లు తట్టారు. మూడోసారి చెవి దగ్గరగా పెట్టి తట్టారు.

"పాపా, ఇయ్యాళ వద్దు."

"ఎందుకండీ?"

"చప్పుడు బాలేదు. లారీ కుదుపుకి ఏవన్నా అయిందో, ముందే అంతేనో. నాకు నమ్మకం కుదరట్లా."

"తనిఖీ ఆఫీసరు ఉన్నాడు గదండీ. ఆయన కాదంటే ఎక్కను. ఆయన ఒప్పుకుంటే మీరు అడ్డం చెప్పకూడదు."

ఆయన నా ముఖం చూసి, "సరే" అన్నారు.

ఆ 'సరే' గురించే నా కోపమంతా.

ఆఫీసరు వచ్చాడు. బ్రేకు లైట్లు చూశాడు, చక్రాల నట్లు చూశాడు, బెల్టు పట్టీలు రెండు చేతులతో గుంజి చూశాడు. బాగా కట్టారు కారుని అని మెచ్చుకుని, అద్దం మీద పాసైనట్టు కాగితం అంటించాడు. నేను హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని వరసలో మూడో కారుగా నిలబడ్డాను. ముందు కారు కదిలింది. అప్పుడు అద్దంలోంచి చూస్తే, బాబాయిగారు చెప్పులు టపటపలాడించుకుంటూ ఆఫీసరు దగ్గరకి పరుగెత్తుతున్నారు. నా కారు వైపు చెయ్యి చూపిస్తూ వచ్చీరాని ఇంగ్లీషులో చెబుతున్నారు.

"సార్, దిస్ వెల్డింగ్ మైన్. లెఫ్ట్ బోల్ట్. నో గ్యారంటీ సార్. నో గ్యారంటీ."

తను చేసిన పనికి తనే గ్యారంటీ లేదంటే ఏ ఆఫీసరు మాత్రం పంపిస్తాడు? వచ్చి ఆ కాగితం గోటితో గీకి తీసేశాడు. వెనక ఉన్నవాళ్లు హారన్లు కొట్టారు. అందరూ చూస్తుండగా కారుని పక్కకి తోశారు, నేను లోపల కూర్చుని ఉండగానే. ఆ రోజు చాలా కార్లు తిరిగాయి. నా కారుకన్నా అధ్వాన్నమైనవి తిరిగాయి. నేను మినీ లారీ నీడలో కూర్చుని ఆ చప్పుళ్లు విన్నాను. ఆయన సోడా తెచ్చి పక్కన పెట్టారు. తాగలేదు. బెజవాడ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు "పాపా" అన్నారు. నేను గేటు వేసుకున్నాను.

నాన్న రెండోసారి ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత పెళ్లి, తెనాలి కాపురం. కారు వాళ్ల షెడ్డులోనే ఉండిపోయింది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా గోడకి అవతల ఆయన దగ్గు వినిపించేది. అమ్మతో అడిగించేవారు, పాప కారు చూసుకోవడానికి ఎప్పుడొస్తుందని. తుక్కుకి వేసుకోమని చెప్పు అనేదాన్ని, గోడ అవతలికి వినపడేలా.

కొన్న తప్పు నాదేనని నాకు తెలుసు. మ్యాటు ఎత్తని దాన్ని నేనే. తెలిసినంత మాత్రాన కోపం పోదు. వద్దంటే వద్దని గట్టిగా అని ఉండాల్సింది, నన్ను కట్టేసి ఉండాల్సింది. మాట ఇచ్చి, నన్ను సీట్లో కూర్చోనిచ్చి, ముందు కారు కదిలాక వెళ్లి చెప్పడమేమిటి? ఈ మాటే ఆయన్ని అడగాలనుకున్నాను.

పదకొండో రోజు వెళ్లాను. వచ్చినవాళ్లంతా అరుగు మీద కూర్చుని "దేవుడండీ, ఒకరికి అన్యాయం చేసిన మనిషి కాదు" అంటున్నారు. నాకు చేశారండీ అనాలనిపించి, నోరు నొక్కుకున్నాను. భోజనాలు అయ్యాక పిన్నిగారు నన్ను పెరట్లోకి పిలిచారు.

"పాతసామాన్లతను వచ్చాడమ్మా. షెడ్డు ఖాళీ చెయ్యాలి గదా. నీ కారు, నువ్వు చెబితేనే ముట్టుకోమన్నాను."

అతను గ్యాస్ కట్టరు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కారుని లాగడానికి తెచ్చిన చైన్ పుల్లీ కింద పడి ఉంది. ఒక్క పది నిమిషాలు ఆగమన్నాను. పట్టుచీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, గొలుసు ఒక కొస ఎడమ బోల్టుకి తగిలించాను. రెండో కొస షెడ్డు సిమెంటు స్తంభానికి కట్టాను. ఊడకూడదు, ఊడకూడదు అనుకుంటూ లాగాను. ఊడకపోతే ఆయన్ని జీవితాంతం తిట్టుకోవచ్చు. గొలుసు బిగిసింది. కారు ఒక పక్కకి ఒరిగింది. ఇంకొంచెం లాగేసరికి పాత గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది.

రేకు బయటికి వచ్చింది. ఆయన వేసిన వెల్డింగ్ చుట్టూ చెక్కుచెదరలేదు, బోల్టు నిటారుగా అలాగే ఉంది. దాని అంచులకి నేను కొన్న కారు నేల తుప్పు పట్టి పొరలు పొరలుగా వేలాడుతోంది.

పిన్నిగారు ఎప్పుడు వచ్చారో, నా వెనకే నిలబడి ఉన్నారు.

"ఏంటమ్మా, ఆయన చెప్పింది నిజమేనా?"

"ఆయన మీతో అనేవారా దీని గురించి?"

"అనకపోవటమేంటి. సాయంత్రం అయ్యేసరికి ఈ మెట్టు మీద కూర్చుని, పాపకి అన్యాయం చేశానేమోనే, అది గట్టిగానే ఉందేమోనే అనేవారు. లాగి చూసుకోవచ్చు గదండీ, సందేహం తీరుద్ది అంటే, బండి నాది కాదు గదా, పాప వచ్చి చూడాలి అనేవారు."

గోడ ఇవతలికి రావడానికి నాకు పది అడుగులు. ఆరేళ్లు. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. తల తీసుకెళ్లి ఆ స్తంభానికే కొట్టుకోవాలనిపించింది.

ఆవిడకి ఏం చెప్పాలి? కారు ఆరు వానాకాలాలు ఆ షెడ్డులో నిలబడింది. ఇవాళ ఊడిన రేకు ఆ రోజు ఊడేదని ఎవరు చెప్పగలరు? పాఠాలు చెప్పిన దాన్ని, నాకు తెలుసు. ఆ రోజు దాని పట్టు ఎంతో ఇప్పుడు ఏ మనిషీ చెప్పలేడు.

"నిజమే పిన్నిగారూ. బాబాయిగారు చెప్పిందే నిజం" అన్నాను.

"ఖాయమేనా?"

"ఖాయమండీ. ఎక్కి ఉంటే నేను ఉండేదాన్ని కాదు."

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్లారు. కిటికీలోంచి ఆయన ఫోటో ముందు దీపం కనిపిస్తోంది. పిన్నిగారు వత్తి ఎగదోస్తూ, పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు మెల్లగా చెబుతున్నారు.

"ఇన్నారా, పాప వచ్చి చూసింది. మీదే రైటంట. ఇంక పడుకోండి."

పాతసామాన్లతను నన్నొకసారి చూసి కట్టరు వెలిగించాడు. నేను రేకు పట్టుకుని కిటికీ కింద నిలబడిపోయాను.