ఆ మాడ్యూల్ ఎవరి తాలూకు?

పోయిన మంగళవారం పొద్దున వరండాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తుంటే ఫోన్ మోగింది. ఫోనెత్తగానే నేను అడిగే మొదటి మాట మీరెవరని కాదు, ఈ నంబరు మీకెవరిచ్చారని. అది నా అలవాటు, మా ఇంట్లోవాళ్ళు దానికి నవ్వుకుంటారు. అవతలి పిల్ల మాత్రం నవ్వలేదు. నేను రిటైరైన ఇంజనీరింగ్ కాలేజీలో, ఒకప్పటి నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న కంప్యూటర్ల ఇన్‌చార్జి అమ్మాయట. సర్వరు మారుస్తున్నారట, పాత సెట్టింగుల ఫైల్లో నేను రాసిన లైన్లు రెండు కనబడ్డాయట, వాటిని ఉంచాలా తీసెయ్యాలా అని అడగడానికి చేసిందట. రెండూ ఉంచమన్నాను. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేదో గాని, ప్రతి లైను పక్కనా తేదీ వేసే నా పాడలవాటు పుణ్యమా అని, మొదటిది రాసిన మూడు వారాలకు రెండోది ఎందుకు రాశారు మేడం, రెండూ ఒకేసారి రాయొచ్చు కదా అని కూడా అడిగింది. ఏదో గొణిగి పెట్టేశాను. మిరపకాయల చేత్తోనే కళ్ళు తుడుచుకుని, తర్వాత అరగంట కుళాయి దగ్గరే నిలబడ్డాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ప్రశ్నపత్రాలంటే అప్పట్లో ఖాకీ కవర్లలో, ఎర్రటి లక్క ముద్రలతో, గుడ్డసంచుల్లో వచ్చేవి. నరసరావుపేట పోలీస్ స్టేషన్‌లో ఓ మూల ఇనప్పెట్టెలో వాటిని భద్రం చేసి, పరీక్షరోజు పొద్దున ఇద్దరం వెళ్ళి సంతకాలు పెట్టి తెచ్చుకునేవాళ్ళం, దారిలో టీ తాగాల్సి వచ్చినా నేను సంచీ ఒళ్ళోంచి దించేదాన్ని కాదు. లక్క ఎక్కడైనా చెదిరిందా, దారం ముడి ఎవరన్నా విప్పి మళ్ళీ వేశారా అని వెలుతురుకు పెట్టి చూస్తుంటే, తోటి లెక్చరర్లు చాటుగా నన్ను సీఐడీ అనేవాళ్ళు. అది నాకు తెలుసు, లోపల్లోపల సంతోషమే. పరీక్షల పని నాకు అప్పగించింది నా చదువు చూసి కాదు, నా అనుమానం చూసి. ఆ గుణం మా నాన్నది. మాచవరం దగ్గర మా పొలంలో ఒక ఏడాది మిరప మొక్కలు నడుమెత్తు పెరిగి, ఏపుగా ఆకులేసి, ఒక్క కాయ కాయలేదు. విత్తనాల ప్యాకెట్ చూస్తే సీలు చక్కగానే ఉంది, లోపలి సరుకే దొంగది. అప్పట్నుంచి మా నాన్న ఏది కొన్నా సీలు చూడడం మానేసి, అమ్మేవాడు ఎవరి తాలూకు అని అడగడం మొదలుపెట్టాడు. మన వర్గం వాడైతే కొనేవాడు, కాకపోతే లేచి వచ్చేసేవాడు. నేనూ అదే నేర్చుకున్నాను, అది తప్పని నాకెవరూ చెప్పలేదు.

తర్వాత లక్కా పోయింది, సంచులూ పోయాయి. పరీక్షకు అరగంట ముందు ప్రశ్నపత్రం తాళం వేసుకుని, అంటే ఎవరికీ అర్థంకాని అక్షరాలుగా మారి, నెట్‌లో రావడం, మా సర్వర్‌లోని ఒక ప్రోగ్రామ్ ఆ తాళం తియ్యడం, వెంటనే జిరాక్స్ మిషన్లు గడగడలాడడం మొదలైంది. ఈ తాళాల పని చేసే సరంజామాను లైబ్రరీ అంటారు, పుస్తకాలదానితో దీనికేం సంబంధం లేదు. దాని కొత్త వెర్షన్‌లో ఒక చిత్రమైన పద్ధతి వచ్చింది. లైబ్రరీ తనంతట తాను ఏ తాళమూ తియ్యదు, ప్రొవైడర్లనే మాడ్యూళ్ళను, అంటే విడివిడిగా రాసిన చిన్న ప్రోగ్రామ్‌లను, పిలిపించుకుని వాటిచేత తీయిస్తుంది. పెళ్ళిళ్ళకు వచ్చే వంటమేస్త్రీ లాంటిదనుకోండి. మనం ఏమీ చెప్పకపోతే మేస్త్రీ తన రోజువారీ మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తాడు. అలా కాకుండా, ఫలానా అరిసెలు వండేవాణ్ణి పట్టుకురావయ్యా అని మనం ఒక్క పేరు చెప్పామా, మిగతావాళ్ళను మనమే కుదుర్చుకున్నామనుకుని ఆ ఒక్కణ్ణే తెస్తాడు. ఇక పెళ్ళినాడు అరిసెలుంటాయి, అన్నం ఉండదు. ఈ సంగతి దాని తాలూకు పుస్తకంలో రాసే ఉంది, నేను చదివాను కూడా, చదివి మరిచిపోయాను.

అసలు నాకు ఆ పద్ధతే గిట్టలేదు. ఎవడు రాశాడో తెలియని మాడ్యూల్ వచ్చి మన ఇంట్లో తిష్ఠ వేస్తే, మన తాళంచెవులన్నీ దాని చేతిమీదుగానే పోవాలి, వాటితో అదేం చేసుకుంటుందో ఎవరు చూడొచ్చారు? అందుకని సర్వరు గదిలోకి నేనూ, నా కింద పనిచేసే ఆపరేటరూ తప్ప మూడో మనిషి అడుగుపెట్టకూడదని కట్టడి చేశాను. ఆ ఆపరేటర్ మీద కూడా నాకో కన్ను ఉండేది. ఆయనది గురజాల వైపు, భార్యది మాత్రం మా ఊరే, ఆమె అన్న పంచాయతీ ఎన్నికల్లో మా అన్న మీద నిలబడ్డ మనిషి. కాంట్రాక్టు ఉద్యోగం, నలభై దాటిన వయసు, నెమ్మదస్తుడు, వచ్చిన మొదటిరోజు నుంచే నన్ను మేడం అనకుండా అక్కా అన్నాడు. అడగకుండా వరసలు కలిపేవాళ్ళంటే నాకు మరీ అనుమానం. మూడేళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం, వాళ్ళింటి నుంచి గోంగూర పచ్చడి తెచ్చి ఇస్తే తీసుకున్నాను, దీనికి బదులు ఏం అడుగుతాడో చూద్దామని కాచుకుని కూర్చున్నాను. ఏమీ అడగలేదు, దానికీ అనుమానపడ్డాను.

ఆ ఏడాది వేసవిలో సర్వర్‌లో అంతా కొత్త సాఫ్ట్‌వేర్ వేశారు. కొన్నాళ్ళకు ఎప్పుడో చదివి వెళ్ళిన పాత విద్యార్థిని ఒకామె మార్కుల పట్టిక కోసం వచ్చింది. ఆ ఫైలుకు వేసింది పాతకాలపు తాళం, అలాంటి పాత పద్ధతులన్నిటినీ కొత్త లైబ్రరీ వాళ్ళు లెగసీ అనే వేరే ప్రొవైడర్‌లోకి నెట్టేశారు, పేరు పెట్టి పిలిస్తేగాని అది రాదు. పిలిచాను. సెట్టింగుల ఫైల్లో లెగసీని లోడ్ చెయ్యమని ఒక్క లైను రాసి, నా డైరీలో దాచుకున్న తాళం అంకెలు కొట్టేసరికి, ఇరవయ్యేళ్ళ నాటి మార్కులు తెర మీదికొచ్చి కూర్చున్నాయి. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నేను గర్వంతో ఉబ్బిపోయాను. ఆ సంబరంలో లైను అలాగే వదిలేసి ఇంటికెళ్ళాను. మర్నాటినుంచి వారం రోజులు సెలవు, మాచర్లలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి.

తిరిగొచ్చిన మర్నాడే పరీక్ష. ప్రశ్నపత్రాల ప్రోగ్రామ్‌ను పరీక్షలున్నప్పుడే ఆన్ చేస్తాం, ఆన్ చేసినప్పుడే అది సెట్టింగులు చదువుకుంటుంది. ఆ పొద్దున ఆన్ చేసింది ఆపరేటర్. తొమ్మిదిన్నరకు పేపరొచ్చింది, తాళం తియ్యమంటే ఈ పద్ధతి నాకు తెలియదని ఎర్రక్షరాలు చూపించింది. ఆపి మళ్ళీ ఆన్ చేశాం, మళ్ళీ అదే పాట. పైన హాళ్ళలో పిల్లలు ఖాళీ జవాబుపత్రాల ముందు కూర్చున్నారు. నేను చేసిన మొదటి పని మాడ్యూళ్ళుండే ఫోల్డర్ తెరవడం. అందులో నేనెరగని ఫైలు ఒకటుంది, తేదీ చూస్తే నేను మాచర్లలో ఉన్న వారం. అదేమిటని గద్దించాను. సర్టిఫికెట్ల మీద డిజిటల్ సంతకం పెట్టే పరికరం కొత్తది వచ్చిందనీ, అది దాని ప్రొవైడరనీ, ప్రిన్సిపాల్ గారు పనిచేయించమంటే తెచ్చి పెట్టాననీ ఆపరేటర్ చెప్పాడు. ఫోల్డర్‌లో ఫైలు పడుండడం వేరు, సెట్టింగుల్లో పేరు రాసి లోడ్ చెయ్యడం వేరు. పేరు రాయని మాడ్యూల్ గడప అవతల నిలబడ్డ మనిషితో సమానం, లోపల దాని చెయ్యి ఆడదు. ఇది నాకు తెలియక కాదు, నలుగురికి నేర్పినదాన్ని. కానీ ఆ క్షణాన నా బుర్రలో తిరిగింది ఒకటే. ఆయన మేనకోడలు, అంటే మా అన్నకు ఎదురు నిలబడ్డవాడి కూతురు, పై హాల్లో అదే పరీక్ష రాస్తోంది.

యూనివర్సిటీ వాళ్ళు వేరే దారిలో పేపరు పంపేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆలోపే నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి, మేనకోడలి కోసం పేపరు ముందే చూడాలని ఈయన ఏదో మాడ్యూల్ పెట్టాడనీ, అది బెడిసికొట్టి ప్రోగ్రామ్ చెడిపోయిందనీ నలుగురూ వినేట్టు చెప్పేశాను. ప్రిన్సిపాల్ కూడా, పరికరం పనిచేయించమన్నాను గాని ఫైళ్ళు పెట్టమన్నానా అని చల్లగా పక్కకు తప్పుకున్నాడు. ఆపరేటర్‌ని అప్పటికప్పుడు పరీక్షల పనినుంచి తప్పించారు. ఆ పిల్లను హాల్లోంచి లేపి, వేరే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి రాయించారు. నేను మెట్లు దిగుతుంటే ఆయన దగ్గరికొచ్చి, నాకొక్కదానికే వినపడేట్టు అన్నాడు.

"నన్ను పంపిస్తే పంపించండక్కా. మీరు రాసిన లైను కూడా ఒకసారి చూసుకోండి."

నాకది బెదిరింపులా వినిపించింది. దొరికిపోయి నా మీదికి తోస్తున్నాడని ఒళ్ళు మండిపోయింది. అందరి చేతుల్నీ అనుమానించిన నాకు నా చేతిని మాత్రం అనుమానించాలని తోచలేదు.

మిగతా పరీక్షలకు కూడా పేపర్లు ఆ వేరే దారిలోనే తెప్పించారు. పదిహేను రోజుల తర్వాత విచారణ నివేదికకు జతచెయ్యడానికని, ఏయే ప్రొవైడర్లు లోడయ్యాయో చూపించే ఆదేశం కొట్టాను. నిమిషం పట్టని పని, ఆ రోజే చెయ్యవలసింది. జాబితాలో ఆయన మాడ్యూల్ లేనేలేదు. రోజువారీ తాళాలన్నీ తీసే డిఫాల్ట్ ప్రొవైడరూ లేదు. ఉన్నది ఒక్క లెగసీ, నేను పేరు పెట్టి పిలిచినది. అరిసెలవాణ్ణి పిలిచి అన్నం వండేవాణ్ణి రాకుండా చేసింది నేనే. కాసేపటికి లేచి, తలుపు గడియ వేసి, డిఫాల్ట్‌ను కూడా లోడ్ చెయ్యమని రెండో లైను రాశాను, ప్రోగ్రామ్ ఏమీ ఎరగనట్టు చక్కగా నడిచింది. నివేదికలో సాంకేతిక లోపం సరిదిద్దడమైనదని రాసి సంతకం పెట్టాను. ఎవరి లోపమో రాయలేదు. ఆయన కాంట్రాక్టు మళ్ళీ పొడిగించలేదు, దాచేపల్లి దగ్గర ఏదో సిమెంట్ ఫ్యాక్టరీలో గేటు దగ్గర కంప్యూటర్ పనికి కుదిరాడని విన్నాను. పేపరు దొంగ అన్న మాట మాత్రం మా ఊళ్ళో ఆయన అత్తారింటికి కూడా అంటుకుపోయింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే రిటైరయ్యాను. శాలువా కప్పి నా నిజాయితీ గురించి మాట్లాడుతుంటే తల వంచుకుని విన్నాను, అందరూ వినయం అనుకున్నారు.

ఆ ఫోన్ వచ్చిన మర్నాడు దాచేపల్లి బస్సెక్కాను. ఫ్యాక్టరీ ముందు లారీల వరస, చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి దుమ్ము. నన్ను చూసి ఆయన గబగబా బయటికొచ్చాడు, జుట్టు బాగా నెరిసింది, ఎదురుగా ఉన్న బడ్డీకొట్లో కూర్చోబెట్టి టీ చెప్పాడు. తప్పు నాదేననీ, తెలిసి కూడా దాచాననీ చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆ లారీ డ్రైవర్లందరి ముందూ ఏడ్చాను. ఆయనకు ఆ పొద్దున్నే తెలుసట, నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాక ఫైలు తెరిచి తేదీతో సహా నా లైను చూశాడట, సరిదిద్దేలోపే పనినుంచి తప్పించారట. మరి ప్రిన్సిపాల్ ముందు ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగాను.

"చెప్తే ఎవరు నమ్ముతారక్కా? నేనేం చేశానో ఒక్కళ్ళూ అడగలా. నేను ఎవరి మనిషినో అడిగారు."

ఆ టీ తాగుతున్నప్పుడు కూడా, నేనింత చేశాక ఈయన ఇంత మర్యాద ఎందుకు చేస్తున్నాడా అని లోపల ఒక పురుగు తొలిచింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు రెండు పేజీలు రాశాను. నిన్న కాలేజీకి వెళ్ళి ప్రిన్సిపాల్ గారి చేతికిచ్చాను, ఆ ఆపరేటర్ పేరు మీద పడ్డ మచ్చ తుడిచి నలుగురికీ తెలిసేట్టు నోటీసు బోర్డులో పెట్టమని అడిగాను. ఈ ప్రిన్సిపాల్ కొత్తాయన, మంచివాడనే అంటారు. మొదటినుంచి చివరిదాకా చదివాడు. కళ్ళజోడు తీసి, తలుపు వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"పంచాయతీ ఎన్నికలు దగ్గరకొస్తున్నయ్. ఇది మీ చేత ఎవరు రాయించారు మేడం?"

ఎవరూ రాయించలేదని, నేనే రాశానని చెప్పాను. నమ్మినట్టు తల ఊపి, కాగితాలు సొరుగులో పెట్టేశాడు. లక్క ముద్రల కాలం పోయింది. ఇప్పుడు కొన్ని మాడ్యూళ్ళు లోడయ్యే ముందు తమను తామే పరీక్షించుకుంటాయి, ఒక్క అక్షరం తేడా ఉన్నా మేం పనిచెయ్యం పొమ్మని చెప్పేస్తాయి, నువ్వు ఎవరి తాలూకు అని వాటినెవరూ అడగరు. ఆ ప్రశ్న మనుషులకే మిగిలింది. ముప్పై ఏళ్ళు ఆ కాలేజీ వరండాల్లో దాన్ని అందరినీ అడుగుతూ తిరిగినదాన్ని, ఆ ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నాయన్ని ఏమని తప్పుపట్టను?