పడవ ఉద్యోగం చూడబోయిన హర్షిత

హర్షిత మొదటి గెలుపు పామాయిల్ గెలల పని. మూడుసార్లు కాదనిపించుకుని, నాలుగోసారి ఆ పనిని వీడియో గేములోకి ఎక్కించింది. మా ఇంటికి, మంచి పనివాడినని బొగ్గుబాయి మేనేజరు నా పేరు మైకులో చదివిన రోజు ఒకటుంది, మా వాసుకు సర్కారు ఉద్యోగం వచ్చిన రోజు ఒకటుంది. ఈ రెంటికీ మించినది హర్షిత సాధించింది. ఆమె నా మనవరాలు, వాసు కూతురు. ఆ పిల్ల గురించి మన విశ్రాంత కార్మికుల సంచికకు రాసే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

ముందు ఆ ఉద్యోగం ఏమిటో చెప్పాలి. ఖమ్మంలో హరిప్రసాద్ అనే ఆయన చిన్న గేముల కంపెనీ నడుపుతున్నాడు. వాళ్ల గేములో ఒక ఊరుంటుంది. ఆడేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మనిషిగా ఆ ఊళ్లో బతకాలి. ఇల్లు కిరాయికి తీసుకోవాలి, పనికి పోవాలి, ఎదురైనవాళ్లతో మాట్లాడాలి. అయితే చేరిన ప్రతివాడికీ పోలీసో దొంగో కావాలనే ఉండేదట. పాలు పోసే పని పెడితే నాలుగిళ్లకు పోసి విసుగొచ్చి వదిలేశారు. మామూలు మనుషుల పనులను ఆడబుద్ధేసేలా తయారుచేయడమే మా హర్షిత ఉద్యోగం.

"గేముల గూడ కూలి పనేంది హర్షితా? పగలంత పనిచేసి ఇంటికొచ్చినోడు మళ్ల కష్టం జేస్తడా?" అన్నాడట హరిప్రసాద్.

"కష్టం కోసం రారు సార్, ముచ్చట కోసం వస్తరు," అన్నదట మా పిల్ల.

అశ్వారావుపేట పోయి తోటల్లో తిరిగింది. పొడుగాటి గెడకు కొడవలి కట్టి గెల కోసేవాడు ఒకడు, రాలిన పండ్లు ఏరే మనిషి ఒకరు, ట్రాక్టరు తోలేవాడు ఇంకొకడు. ఒంటరిగా ఎవడూ చేయలేని పని అది. దాన్ని అట్లాగే గేములో పెట్టింది. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల బారును మాత్రం, జనానికి విసుగని తీసేసింది. మూడుసార్లు మార్చి చూసినా ఎవరూ ఆడలేదు. నాలుగోసారి ఆ బారును తిరిగి పెట్టింది. అంతే, ఆడేవాళ్లు ట్రాక్టర్లు దిగి కబుర్లు మొదలుపెట్టారు. ఒకడు టీ బండి పెట్టాడు. ఆ బారులో కలిసిన ఇద్దరు గేములోనే పెళ్లి చేసుకుంటే ఊరంతా పోయి అక్షింతలు వేశారట. ఆ తర్వాత మేముండే ఖానాపురం హవేలిలో షేర్ ఆటో తోలే పనిని గేములో పెట్టింది. దానికీ మంచి పేరొచ్చింది.

నేను చదివింది పల్లెబడిలో ఏడో తరగతి వరకే. అయినా బాయిలో కప్పుకు కర్ర దిమ్మెలు ఆనించే టింబర్‌మన్‌గా ముప్పై ఏళ్లకు పైగా చేసి, నేను దిమ్మె పెట్టిన చోట కప్పు కూలలేదని అనిపించుకున్నాను. బొగ్గు కప్పు కూలేముందు సన్నగా పలుకుతుంది. అది చెవికి పట్టినవాడే బతుకుతాడు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా హర్షిత కళ్లు పెద్దవి చేసి వినేది. నది కూడా అట్లా ఏదో పలుకుతుందనీ, పడవ నడిపేవాళ్లకు అది తెలుస్తుందనీ ఆమెకు తోచింది. తరువాతి పనిగా గోదావరి మీద పడవ పెడతానన్నది.

ఆ పని చూడడానికి పోయిన సోమవారం పొద్దున బ్యాగు వేసుకుని బయలుదేరింది. ఎక్కడ దిగుతావని గానీ ఎప్పుడొస్తావని గానీ మేమెవరం అడగలేదు. బొగ్గుబాయి ఇళ్లవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. బయటి పాఠకుల కోసం చెబుతున్నాను. షిఫ్టుకు పోయే మనిషిని ఎప్పుడొస్తావని అడగకూడదు. అడిగితే రాడని మా భయం. నా భార్య సోమమ్మ నేను బాయి దిగినన్నాళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. గిన్నె చేతికిచ్చి లోపలికి తిరిగిపోయేది. హర్షితకూ టిఫిను డబ్బా అట్లాగే ఇచ్చింది.

మంగళవారం సాయంత్రం నుంచి ఫోను పలకలేదు. బుధవారం టీవీలో గోదావరి పెరుగుతోందన్నారు. భద్రాచలం దగ్గర మెట్లు మునిగిపోతున్న బొమ్మ మళ్లీ మళ్లీ చూపించారు. పిల్ల నదికి ఏ పక్కన ఉందో తెలియదు, ఏ పల్లెలో ఉందో తెలియదు. ఏ రోజు దాటితే భయపడాలో కూడా మాకు తెలియదు. అందుకని ప్రతి గంటా భయపడ్డాం.

గురువారం పొద్దున వాసు బండి మీద భద్రాచలం పోయాడు. అదే సమయానికి హరిప్రసాద్ ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"అవతల దుమ్ముగూడెం దిక్కు పోతున్న, తిరుపతి అనేటాయన పడవ ఎక్కుతున్న అని మెసేజ్ పెట్టింది తాతా. మంగళవారం మూడింటికి. అదే లాస్టు."

"నీ ఆటకు పడవ గావాల్నా? అయితే నువ్వే ఎక్కకపోయినవ్! నా పిల్లనే దొరికిందా నీకు?" అన్నది సోమమ్మ.

అతను హర్షిత సగం చేసిన పని చూపిస్తానని ల్యాప్‌టాప్ తెరిచాడు. మాకు ధైర్యం చెప్పాలనే ఉద్దేశం కావచ్చు. తెర మీద ఎర్రటి నీళ్లు, పడవ, అందులో ఆరుగురు బొమ్మ మనుషులు. అతను నడుపుతుంటే పైనుంచి ఒక దుంగ కొట్టుకొచ్చి తగిలింది. పడవ పక్కకు ఒరిగి తిరగబడింది. మనుషులు ఒక్కొక్కరే నీళ్లలోకి పోయారు. ఒక్కరూ పైకి రాలేదు.

"గిది ఇంకా పూర్తి గాలే తాతా. ఈత కొట్టుడు పెట్టలే..."

"మూసెయ్," అన్నది సోమమ్మ.

బాయిలో కప్పు పడ్డ రోజులు నేను చూశాను. మనుషులను బయటికి తెచ్చిన చేతులివి. ఇప్పుడు అవే చేతులతో ఆ ల్యాప్‌టాప్ మూసేశాను.

సాయంత్రానికి వాసు తిరిగొచ్చాడు. మేం ఫోనులో చెప్పిన ప్రకారం వంతెన దాటి దుమ్ముగూడెం రోడ్డు ఎక్కితే కొద్ది దూరానికే రోడ్డు మునిగి ఉందట. పోలీసులు తాళ్లు కట్టి ఎవరినీ పోనివ్వలేదు. పడవలన్నీ ఆపేశారు. తిరుపతి పడవ ఏ రేవులో ఉందని అడిగితే, మంగళవారం నుంచి కనిపించలేదని ఒకతను చెప్పాడట. ఆ మాట వాసు నాకొక్కడికే చెప్పాడు. సోమమ్మ తలుపు వెనక నిలబడి విన్నది.

శుక్రవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"తాతా, నేనే. ఏడ్వకున్రి. ముత్తక్క ఫోను ఇది. తిరుపతన్న భార్య."

ఏం జరిగిందో దఫదఫాలుగా చెప్పింది. నది మధ్యలో దుంగ తగిలి ఇంజను ఆగిపోయింది. తిరుపతి అందరినీ పడవ అడుగున కూర్చోబెట్టాడు. నదికి ఎదురు పోకుండా దాని దారిన పోనిచ్చి, గెడతో నెట్టి నెట్టి ఒక వాగు మూతిలోకి దూర్చాడు. అక్కడినుంచి నడిపించి తన ఊరికి తీసుకుపోయాడు. ఫోను నీళ్లపాలైంది. ఊళ్లో కరెంటు లేదు, టవరు లేదు. ఈ ఫోను గుట్టెక్కి చేస్తోంది.

"నేను తప్పు జేసిన తాతా. పడవ పనంటే నడుపుడే అనుకున్న. ఆయన అసలు పని 'ఇయ్యాల పోను' అని చెప్పుడు. నీళ్ల చప్పుడు మారిందని ముందే అన్నడు. ఎక్కినోళ్లంత బతిమిలాడిన్రు. దవాఖానాకు పోవాలన్నరు, పిల్లలున్నరన్నరు. అందరికన్న ఎక్కువ బతిమిలాడింది నేనే. గేముల గిదే పెడ్త. బతిమిలాడేటోళ్ల నడుమ కాదని చెప్పుడే ఆట."

"ఆట సంగతి తర్వాత బిడ్డా," అన్నాను.

సోమమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఎప్పుడొస్తవే?" అన్నది.

వాసు ఆమె వైపు తిరిగి చూశాడు. అవతల హర్షిత, "అడిగేది నువ్వేనా నాయనమ్మా?" అన్నది. ఈ ఇంటి పిల్లే కదా, ఆ మాట విలువ తెలుసు.

"చెప్పవేందే? ఎప్పుడొస్తవ్? తారీఖు చెప్పు."

గాలి చప్పుడు, ఎవరినో అడుగుతున్న మాటలు వినిపించాయి. తరువాత చిన్న గొంతుతో చెప్పింది. "సోమవారానికి రోడ్డు తేలుతదంటున్నరు నాయనమ్మా. పడవ ఎక్క. తిరుపతన్న ఇప్పుడు ఎక్కమన్నా ఎక్క. రోడ్డు మీదికెల్లే వస్త, మంగళవారం."

ఇది శనివారం రాస్తున్నాను. ఎగువన మళ్లీ వానలున్నాయని పొద్దున టీవీలో చెప్పారు. నిన్నటి నుంచి ఆ నంబరు పలకడం లేదు. గుట్ట దిగి ఉంటుందని వాసు అంటున్నాడు. సోమమ్మ మాత్రం అడగకూడనిది అడిగానని అన్నం ముట్టడం లేదు. అడగకుండా పంపిన నాలుగు రోజులు ఎట్లా గడిచాయో చూశాం, ఇకనుంచి ఈ ఇంట్లో అడిగే పంపుదామని చెప్పాను. నేను చెప్పిన మాట నాకు కూడా ధైర్యం ఇవ్వలేదు. అయినా హర్షిత తిరిగి రావలసిన రోజు మాకు ఇప్పుడు తెలుసు. ఆగస్టు ఇరవై ఆరు, మంగళవారం.