గాలి గోపురం దగ్గర మూడు మేకులు

"వాడు చెప్పింది వీడికి చెప్పేదానికి జీతమా అబ్బా?" అని మా ఊరు ఐరాలలో ఒకటే ఎగతాళి. మా పెద్దోడు మునిరత్నానికి తిరుమల ఉత్సవాల రోజులకు మాత్రం మెట్లదారిలో వైర్‌లెస్ సెట్టు దగ్గర పని ఇచ్చారు. బాగా చేస్తే ఉంచుకుంటారు, లేకుంటే ఇంటికి పంపుతారు. ఆ పని ఏమిటో నా కళ్ళతో చూడాలని బయలుదేరాను.

తొలి బస్సుకు చిత్తూరు, అక్కడ మారి తిరుపతి. రెండింటికీ తొమ్మిది రూపాయలు. ఎనిమిదిన్నరకు అలిపిరి చేరి ఇడ్లీ తింటుంటే, అమ్మే ఆమె నా నెరిసిన తల చూసి, "నిదానంగా ఎక్కు పెద్దాయనా" అంది. గాలి గోపురం దాకే పోతాను, అక్కడ నా కొడుకున్నాడని చెప్పాను. "ఏం, అంగడి పెట్టినాడా?" "లేదమ్మా, మాటలు మోస్తాడు." ఆమె నవ్విన నవ్వుకు సాంబారు ఒలికింది.

కూర్చుంటూ లేస్తూ ఎక్కితే గోపురానికి పదిన్నర అయింది. రేకుల నీడలో సెట్టు, పక్కన మూడు మేకులు కొట్టిన పలక, వాటికి చీటీలు. "వచ్చినావా నాయనా!" అని మావాడు లేచాడు. కొండ అడ్డమట, అలిపిరి మాట నేరుగా పైకి పోదట. ముందు ఇక్కడికి, ఇక్కడినుంచి ఘాట్ రోడ్డు తగిలే ఏడో మైలుకు, అక్కడినుంచి పై ఆఫీసుకు చేరాలి. ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. ప్రతిచోటా విని, రాసుకొని, తిరిగి చదివి వినిపించాకే ముందుకు!

"అట్లయితే ఆలస్యం కాదా?" అన్నాను.

"అవుతాది. అందుకే ఈ మేకులు. మొదటిది ప్రాణం, రెండోది బండ్లు, మూడోది మిగతావి. ఎక్కువసేపు తగిలుండే చీటీని ఒక మేకు ముందుకు జరుపుతా. లేకుంటే మూడోదానిమీదుండేవి సాయంత్రానికి గూడా కదలవు."

ఇంతలో ఏడో మైలు నుంచి కబురు. ఒకామెకు నొప్పులు వస్తున్నాయి, బండి కావాలి. అది రాసుకోగానే అలిపిరి నుంచి ఒక గొంతు, "పైన నా గదిలో నీళ్ళు కాచిపెట్టమను" అంది. వీడిని ఉంచాలో పంపాలో తేల్చే ఆఫీసరు ఆయనే.

"సార్, మీది మూడో మేకు. ఆగండి. కింద యా బండి ఉండాది?" అన్నాడు మావాడు.

"ఎవడ్రా నువ్వు? నా జీపు తప్ప ఏదీ లేదు!"

"అయితే అదే పంపండి సార్, ఏడో మైలుకు. ఒకామెకు నొప్పులు."

ఆఫీసరుతోనా ఈ మాటలు అని నేను మావాడి చొక్కా పట్టి లాగాను. సెట్టు గరగరమంది. తర్వాత, "జీపు పోతావుండాది" అని వినిపించింది. ఆమె పైన ఆసుపత్రి చేరేదాకా మాట పోయే దారి ఖాళీగా ఉండాలని మావాడు ఇంకే చీటీ చదివి పంపలేదు. ఎన్నిసార్లు దేవుడికి మొక్కానో! పన్నెండు దాటాక పైనుంచి మాట దిగింది. ఆడబిడ్డ, ఇద్దరూ క్షేమం.

ఆ వెనకే జీపు లేని ఆఫీసరు మెట్లెక్కి, రొప్పుతూ వచ్చారు. నేను మజ్జిగ అందించాను. ఆయన తాగి, "నా చీటీ యాడప్పా?" అన్నారు. మావాడు రెండో మేకు చూపించాడు. "చాలాసేపయింది సార్, జరిపినాను." ఆయన చీటీ తీసి, తానే మళ్ళీ మూడో మేకుకు గుచ్చారు. "ఇంత చెమట పట్టినాక వేణ్ణీళ్ళు ఎవరికి? ఉత్సవం అయినాక గూడా నువ్వు ఈడనే ఉండల్ల."

నా సంతోషం ఏమని రాయను! అందరి మాటా మోసేవాడికి ఏది ముందో తెలియాలి. ఊరికి పోయి ఎగతాళి చేసినవాళ్ళందరినీ పిలిచి మరీ చెప్పాను. మీరు కూడా ఆ మెట్లెక్కుతుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే సెట్టు మనిషికి ముందు మూడే మాటలు చెప్పండి: ఎక్కడ, ఎవరికి, ఏం కావాలి. మీ ఊరు, పేరు, చుట్టరికాలు తర్వాత.