మొండివదిన పొలంబడి

ఆమెను అందరూ మొండివదిన అనే పిలిచేవారు. భర్త లారీ మీద తిరిగేవాడు. నారు పోసినా, నీళ్లు కట్టినా, కాయ కోసినా అన్నీ ఆమే. ఆ ఏడు మిరపతోటకు పేనుబంక పట్టింది. పురుగుమందుల కొట్టు నడిపేవాడు వరసకు మరిది. పరాయివాడు కాదు కదా అని అతని దగ్గరికే వెళ్లింది. అతను పెద్ద డబ్బాలోంచి ఏదో మందు ఒక ఉత్త సీసాలోకి వంచి ఇచ్చాడు.

ఆ మందు కొట్టాక ఆకు వాలింది. చూస్తూండగానే తోట తోటంతా నిప్పు పెట్టినట్టు మాడిపోయింది. పీకిన మొక్కలు పట్టుకుని కొట్టుకెళ్తే, అక్కడున్న రైతుల ముందు మరిది పగలబడి నవ్వాడు.

"మోతాదు తెలీకుండా కొట్టేశావు వదినా. సేద్యమంటే కూరలో ఉప్పేయడమనుకున్నావా?"

రైతులూ నవ్వారు. పంట పోయినందుకు కూడా ఆమె అంత ఏడవలేదు. ఆ నవ్వు మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది.

వ్యవసాయశాఖ ఆఫీసరమ్మ వారం వారం ఊరికి వచ్చి, పంచాయతీ ఆఫీసు గదిలో సలహాలు చెప్పడానికి కూర్చునేది. ఖాళీ కుర్చీలకు పాఠం చెప్పి వెళ్తుందని అందరికీ వేళాకోళం. మొండివదిన ఆ గదిలోకి వెళ్లి, మాడిన మొక్కలు బల్ల మీద పడేసింది. ఆఫీసరమ్మ ఆకును వెలుతురుకు పెట్టి చూసింది.

"మోతాదు తప్పు కాదమ్మా ఇది. మీకిచ్చింది కలుపుమందు. కానీ సీసా మీద చీటీ లేదు, రసీదు లేదు. ఫిర్యాదు నిలబడదు."

"అయితే వాడి కొట్టు మీద ఈగ కూడా వాలకుండా చేసే చదువేదైనా ఉందా మీ దగ్గర?"

"పగ తీర్చే చదువు లేదు. పొలంబడి ఉంది. పొలంలోనే నేర్పుతాం. కాకపోతే పొలం కావాలి, మనుషులు కావాలి."

"పొలం నాది. మనుషుల్ని నేను పట్టుకొస్తాను."

అన్నట్టే పట్టుకొచ్చింది, కొందరిని బతిమాలి, కొందరిని దెప్పి, ఆడపడుచునైతే చెయ్యి పట్టి లాక్కొచ్చి. మళ్లీ మిరప నాటింది. అందరూ వంగి ఆకు తిప్పి చూడడం నేర్చుకున్నారు. నల్లగా, ముళ్లముళ్లుగా పాకుతున్న పురుగును చూసి ఆడపడుచు కెవ్వుమంది.

"అరవకు తల్లీ, అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకను తింటుంది. మనకది కూలి అడగని కూలీ," అంది ఆఫీసరమ్మ.

తెల్లదోమ వచ్చి అంటుకునేలా జిగురు పూసిన పసుపు అట్టలు కట్టారు. మందు తప్పదనుకున్నప్పుడే, డబ్బా మీద చీటీ చదివి మరీ కొట్టారు. పంట నిలిచింది. మరిది కొట్టులో బేరాలు పడిపోయాయి. మొండివదిన పని లేకపోయినా ఆ కొట్టు ముందు నుంచే నడిచేది, బల్ల మీద పేరుకున్న దుమ్మును కళ్లారా చూసుకుంటూ.

"నీ చూపు తోట మీద లేదు," అంది ఒకరోజు ఆఫీసరమ్మ.

"రెండు కళ్లున్నాయి కదమ్మా. ఒకటి తోటకి, ఒకటి మరిదికి."

మరుసటి పంటకు మరిది సొంత తోటకే పురుగు పట్టింది. కొట్టులో ఉన్న మందులన్నీ కుమ్మరించాడు. పురుగును తినే పురుగులు చచ్చాయి గాని పేనుబంక తగ్గలేదు. చివరికి తల వంచుకుని పొలంబడికి వచ్చాడు. మొండివదిన గట్టు మీద అడ్డంగా నిలబడింది.

"లోపలికి వద్దువుగాని. ఆ రోజు నా సీసాలో ఏం పోశావో చెప్పు."

"డబ్బా మారిపోయింది వదినా."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు మొక్కలు తెచ్చినప్పుడే."

"తెలిసే నవ్వావా?"

అతను నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"వెనకవాళ్లకి వినపడలేదు."

"తెలిసే నవ్వాను! తప్పు నాదే!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె పక్కకు తప్పుకుని చివరి చాలు చూపించింది. మిట్టమధ్యాహ్నం దాకా అతను నడుం వంచి ఆకులు తిప్పుతూంటే, గట్టు మీద నిలబడి తనివితీరా చూసింది. అతని తోట సగం దక్కింది.

"ఇంక వదిలెయ్ వదినా," అంది ఆడపడుచు.

"నేర్చుకోనిచ్చాను కదా. క్షమించానని ఎవరన్నారు?"

ఆ కొట్టు గడప మాత్రం ఆమె మళ్లీ తొక్కలేదు.