వెనక నిలబడే ఉపాధ్యక్షుడు

గల్ఫ్‌లో మేముండే బౌషర్‌లో, మా తెలుగు క్రైస్తవ సహవాసానికి ఆయన ఉపాధ్యక్షుడు. మేమంతా అన్నయ్యగారనే పిలిచేవాళ్లం. శుక్రవారం ఆరాధనలో అధ్యక్షుడు మైకు అందుకోగానే ఈయన ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, ప్రతి మాటకీ తలూపేవారు. అమెరికా ఉపాధ్యక్షుణ్ణి టీవీలో చూసి నేర్చుకున్న పద్ధతి అది.

ఆ అమెరికా పెద్దమనిషంటే ఆయనకు ప్రాణం. "ఎన్నో ఏళ్లు సెనేటరుగా చేశాడమ్మా. ఇంట్లో చావులు చూసి కూడా నిలదొక్కుకున్నాడు. ఈసారి ఆయన అధ్యక్షుడిగా నిలబడితే, మన సహవాసం ఎన్నికల్లో నేనూ నిలబడతా" అని నాతో అనేవారు.

ఒక సాయంత్రం మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చారు.

"ఆయన నిలబడట్లేదంటమ్మా. ఇప్పుడే టీవీలో చెప్పేశాడు."

వెనకే వచ్చిన అన్నయ్యగారి భార్య నెత్తి కొట్టుకుంది. ఆవిడా నేనూ ఒకే వార్డులో నర్సులం.

"ఆయన మానేస్తే మీకేంటండీ? ఆయన ఓట్లేమన్నా మీకు పడాలా?"

ఆ శుక్రవారమే మా ఎన్నికలు. ఆవిడ మోచేత్తో పొడిచాక అన్నయ్యగారు లేచారు. "ఈసారి అధ్యక్షుడిగా నేను పోటీ చేద్దామనుకుంటున్నానండి" అన్నారు. స్నేహం చెడుతుందేమోనని అధ్యక్షుడి వైపు చూడలేకపోయారు.

అధ్యక్షుడు గబగబా వచ్చి ఆయన్ని వాటేసుకున్నారు. "దేవుడికి స్తోత్రం! ఈ బరువు ఎవరికి అప్పజెప్పాలో తెలీక చస్తున్నానయ్యా. ఈ ముక్క ముందే అనుంటే నాకీ బీపీ మాత్రలు తప్పేవి కదా!"

అన్నయ్యగారు ఆ కౌగిట్లోంచే అడిగారు.

"అయితే పోటీ లేదాండీ?"

ఆ గొంతులో కాస్త నిరాశ వినిపించింది.