గోడవతలి పాట

మా నాలుగేళ్ళ పాప బొమ్మకి గౌను తొడుగుతూ పాడుతోంది. వెనక బట్టీలోంచి రెండు రోజులుగా వినిపిస్తున్న పాటే. నేను బాబు ఉయ్యాల ఊపుతున్నాను. అప్పుడు మాటలు చెవిన పడ్డాయి.

"గుంట ఒల్లు కాలతందే ఓలమ్మ
గోడవతల తల్లీ, గుక్కెడు మందియ్యవా..."

గుంటంటే ఆ వైపు మాటలో చిన్నపిల్ల. ఉయ్యాల మీద నా చెయ్యి ఆగిపోయింది. ఆ గోడకి ఇవతల ఉన్న తల్లిని నేనొక్కదాన్నే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. పలాసలో మేం అద్దెకున్న ఇంటి వెనక జీడిపప్పు బట్టీ ఉండేది. ఇల్లూ బట్టీ ఒకాయనవే. ముందుగా అప్పు తీసుకున్న కుటుంబాలు ఆ రేకుల షెడ్డులోనే ఉండి పనిచేసేవి. అది తీరేదాకా గేటు దాటడానికి లేదు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని పప్పు మీద పొట్టు తీస్తూ రోజంతా పాడేవారు. ఆ పాటకి బాబు హాయిగా నిద్రపోయేవాడు. శ్రామిక గేయాలు అలసటను మరపిస్తాయని కాలేజీలో పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. పాడుతున్నారంటే బాగానే ఉన్నారనుకున్నాను.

ముందు పాడి మిగతావాళ్ళ చేత అనిపించే గొంతు సుమ్మాదేవి ఊరి వైపు నుంచి వచ్చిన ఒక తల్లిది. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి మా పాప వయసే. నేను పెరట్లో బట్టలారేస్తుంటే గోడ మీంచి "బాబు పాలు తాగతన్నాడా అమ్మగోరూ?" అని పలకరించేది. రెండు రోజులుగా ఆమె కనబడలేదు. నేను పట్టించుకోలేదు.

జ్వరం సిరప్పు పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తాను. పని చేయించే మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు.

"లోపల పాపకి జ్వరంగా ఉంది."

"ఎవులు సెప్పినారమ్మా?"

"పాటలో చెబుతోంది."

పకపకా నవ్వాడు. "పాడతన్నాది కదమ్మా! పాడే మనిసికి కట్టమేటి?"

"అసలు రోజంతా ఎందుకు పాడతారు?"

"నాను పాడమన్నాను గాబట్టి. నోరు కాళీగా ఉంటే పప్పు నమిలీరేటి? పాట ఆగిందంటే దవడ ఆడతన్నట్టే."

అప్పుడు తెలిసింది నాకు. ఆ నోళ్ళకి పాడ్డానికి తప్ప మరి దేనికీ సెలవు లేదు. అందుకే ఆ తల్లి చెప్పాల్సింది పాటలో పెట్టి, రెండు రోజులు నన్ను పిలిచింది. ఆ పిలుపుతో నేను నా బిడ్డని నిద్రపుచ్చాను.

సీసా మేస్త్రీ తీసుకున్నాడు. ఇచ్చాడో లేదో తెలియదు. మా ఆయన ఇంటికొచ్చాక చెబితే, "వాళ్ళింట్లో అద్దెకుంటున్నాం. రేపు వెళ్ళిపొమ్మంటే ఈ చంటివాణ్ణి పెట్టుకుని ఎక్కడికి పోతాం?" అన్నారు. నా భయమూ అదే.

పొద్దువాలే వేళ గోడ దగ్గర నిలబడి పిలిచాను. పొట్టు తీసే ముసలామె ఒకామె వచ్చింది.

"సిన్నగుంటకి ఫిట్సొచ్చీసినాయి అమ్మగోరూ. తల్లి ఎత్తుకుని టెక్కలి ఆసుపత్రికెల్లింది."

"మరి పెద్దది?"

"దాన్నిక్కడే ఉంచీసినారు. తల్లి మల్లీ రావాల కదా."

చిన్నపిల్ల ఏమైందో తర్వాత ఎవరూ చెప్పలేదు. గేటు దగ్గర నేను అడిగిన సంగతి ఇంటి యజమాని దాకా వెళ్ళి, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. చేశాం. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాస్తున్న ఈ పూటకి కూడా ఆ పిల్ల సంగతి నాకు తెలియదు.

తల్లి ఆసుపత్రికెళ్ళిన మర్నాడు పొద్దున్న మాత్రం పాట మామూలు వేళకే మొదలైంది. ముందు గొంతు కొత్తది, సన్నగా, అక్కడక్కడ శ్రుతి తప్పుతూ. ఆ పెద్దపిల్లది.

"అమ్మా, అక్క పాడుతోంది!" అని మా పాప గెంతింది. అది చూసి బాబు కేరింతలు కొట్టాడు.

ఇద్దరినీ దగ్గరికి లాక్కున్నాను. "ఆ అక్క పాడుతున్నంతసేపూ అల్లరి చెయ్యకండమ్మా. నాకు మాటలు వినబడాలి" అన్నాను.